ల్యాప్ స్టీల్‌కి ఏ పాట్, ఏ కెపాసిటర్? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ల్యాప్ స్టీల్ (ఒళ్ళో పెట్టుకుని, తీగల మీద బార్ జార్చి వాయించే గిటార్) వాల్యూమ్, టోన్ నాబ్‌ల గురించే ఉన్నాయి, అందుకని మిగతావి పక్కన పెట్టి వీటినే తీస్కున్నాం. ఒకే విషయం ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపేశాం. కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు: తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది పికప్, దాంట్లో తీగచుట్ట ఒకటుంటే సింగిల్ కాయిల్, రెండుంటే హంబకర్. నాబ్ కింద ఉండి తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం పాట్, 250కె అంటే 250 కిలో ఓమ్‌లు, 1 మెగ్ అంటే వెయ్యి కిలో ఓమ్‌లు. టోన్ పాట్‌తో కలిసి పై ఫ్రీక్వెన్సీలని తగ్గించేది కెపాసిటర్.

ప్రశ్న: నమస్తే అండీ. ఒక చెక్క పలక మీద ఆరు తీగల ల్యాప్ స్టీల్ సొంతంగా చేస్కుంటున్నాను. పికప్ ఒకటే, సింగిల్ కాయిల్. వాల్యూమ్ ఒకటి టోన్ ఒకటి పెడదామని పాట్లు చూస్తే 250కె, 500కె, 1 మెగ్ అని ఉన్నాయి, మళ్ళీ ప్రతిదాంట్లో ఏ అని బి అని రెండు రకాలు. మామూలు గిటార్‌కి వేసేవే దీనికీ వెయ్యొచ్చా, ల్యాప్ స్టీల్‌కి వేరే లెక్క ఏమన్నా ఉందా?

జవాబు: పార్టులు అవేనండీ. ఆ మాటకొస్తే ఎలక్ట్రిక్ గిటార్ అనేది మొదట మార్కెట్లో నిలదొక్కుకుందే ల్యాప్ స్టీల్ రూపంలో, 1930ల మొదట్లో జార్జ్ బీచమ్ డిజైన్ చేసిన రికెన్‌బ్యాకర్ ఫ్రయింగ్ పాన్ ఒళ్ళో పెట్టుకుని వాయించేదే, దాని మీద పేటెంట్ 1937లో వచ్చింది. కాబట్టి మనం మామూలు గిటార్ సామాను అరువు తెచ్చుకుంటున్నామని అనుకోనక్కర్లేదు. కాకపోతే ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సినవి కొంచెం మారతాయి, ఎందుకంటే ఫ్రెట్ గిటార్ వాయించేవాళ్ళు చాలామంది వాల్యూమ్ పదిలో (అంటే పూర్తిగా తెరిచి) పెట్టేసి మర్చిపోతారు, ల్యాప్ స్టీల్‌లో మాత్రం కుడిచేతి చిటికెనవేలు పాట మధ్యలో ఆ నాబ్ మీదే ఆడుతూ ఉంటుంది.

ముందు విలువ సంగతి చూద్దాం. వాల్యూమ్ పూర్తిగా తెరిచి ఉన్నా కూడా పాట్ మొత్తం రెసిస్టెన్స్ పికప్‌కీ గ్రౌండ్‌కీ (సిగ్నల్ తిరిగిపోయే దారికీ) మధ్య అడ్డంగా ఉంటుంది కదా, అంటే కాలవకి చిన్న గండి ఉన్నట్టే, కొంత సిగ్నల్ ఎప్పుడూ అటు కారిపోతూనే ఉంటుంది. విలువ తక్కువైతే గండి పెద్దది. అయితే ఈ కారడం అన్ని స్వరాల మీదా సమానంగా ఉండదు. పికప్‌లో ఉండే తీగచుట్టకి ఇండక్టెన్స్ ఉంటుంది, కేబుల్‌కి కెపాసిటెన్స్ ఉంటుంది, ఆ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్‌ని పైకి లేపుతాయి, దాన్నే రెజొనెన్స్ పీక్ అంటారు. పికప్ 3 హెన్రీలు అనుకుందాం, 6 మీటర్ల కేబుల్, మీటరుకి సుమారు 100 పికోఫ్యారడ్లు వేస్కుంటే 600, అప్పుడు ఆ పీక్ దాదాపు 3,700 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పాట్ విలువ మారిస్తే పీక్ ఉండే చోటు పెద్దగా జరగదు, దాని ఎత్తు మారుతుంది. 250కె వేస్తే గుండ్రంగా, 500కె వేస్తే నిక్కపొడుచుకుని, 1 మెగ్ వేస్తే ఇంకా గుచ్చుకునేట్టు ఉంటుంది. "250కె మెత్తగా ఉంటుంది, 500కె మెరుస్తుంది" అని అందరూ అనే మాట వెనకాల ఉన్నది ఇదే.

ఇంకో లెక్క కూడా చూడండి, చాలామంది దీన్ని వదిలేస్తారు. వాల్యూమ్ 250కె, టోన్ 250కె పెడితే, రెండూ పదిలో ఉన్నప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పికప్‌కి కనపడే లోడ్ (దానికి అడ్డంగా ఉన్న మొత్తం రెసిస్టెన్స్) 125కె, ఎందుకంటే అవి ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన రెండు దారుల్లా, ఉంటాయి (టోన్ కెపాసిటర్ ఆ ఫ్రీక్వెన్సీలకి దాదాపు వైర్ ముక్కలాంటిదే). దానికి ఆంప్ ఇన్‌పుట్ 1 మెగ్ కూడా కలిపితే సుమారు 111కె. అదే రెండూ 500కె అయితే ఆంప్‌తో కలిపి 200కె. టోన్ పాట్ అసలు పెట్టకుండా ఒక్క 250కె వాల్యూమ్‌తో వదిలేసినా ఆంప్‌తో కలిపి 200కెనే వస్తుంది, అంటే ఒక నాబ్ తీసేసినంత మాత్రాన 250కె గిటార్ రెండు 500కెలు పెట్టిన గిటార్ అంత బ్రైట్ అయిపోతుంది. "టోన్ నాబ్ నేను ముట్టుకోను కాబట్టి అది సౌండ్ మార్చదు" అనుకునేవాళ్ళకి ఈ లెక్క చెప్పండి.

మీ పికప్ సింగిల్ కాయిల్ కాబట్టి రెండూ 250కె వేసుకోండి. ల్యాప్ స్టీల్ మామూలు గిటార్ కన్నా సహజంగానే బ్రైట్, తీగ మీద వేలి కండ బదులు బరువైన స్టీల్ బార్ ఆనుతుంది, పైగా సన్న వైరు చుట్టిన లావు తీగల మీద బార్ జారేటప్పుడు వచ్చే కీచు, గీరుడు అంతా ఆ పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది, 500కె వేస్తే అది కూడా పైకొస్తుంది. హంబకర్‌కి 500కె అనేది పుస్తకం మాట, ల్యాప్ స్టీల్‌లో మాత్రం హంబకర్ ఉన్నా 250కెతో బాగుందనేవాళ్ళని నేను తప్పు పట్టను. ఒకవేళ మీ పికప్ మరీ లావుగా, మూసుకుపోయినట్టు వినపడుతుంటే అప్పుడు 500కెకి వెళ్ళండి. 1 మెగ్ జోలికి మాగ్నెటిక్ పికప్‌తో వెళ్ళాల్సిన అవసరం నాకైతే కనపడలేదు.

కొన్న పాట్‌ని మల్టీమీటర్‌తో కొలవకుండా పెట్టకండి. మామూలు పాట్లకి 20 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు, అంటే 250కె అని రాసి ఉన్నది 200కె ఉండొచ్చు, 300కె ఉండొచ్చు. రెండు కొంటే ఎక్కువ చూపించేదాన్ని వాల్యూమ్‌కి వాడండి.

ఇక ఏ, బి. ఇప్పుడు దొరికే వాటిలో మామూలుగా ఏ అంటే ఆడియో టేపర్, అదే లాగ్, బి అంటే లీనియర్ (టేపర్ అంటే నాబ్ తిప్పేకొద్దీ విలువ మారే తీరు). కాని పాత స్టాక్‌లో, కొన్ని యూరప్ తయారీల్లో ఈ అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి అక్షరాన్ని నమ్మొద్దు. పాట్‌కి వైర్లు కలిపే కాళ్ళు మూడుంటాయి, నాబ్‌ని సరిగ్గా సగం తిప్పి, సున్నా వైపు కాలికీ మధ్య కాలికీ మధ్య కొలవండి. మొత్తంలో సగం చూపిస్తే లీనియర్. పదో పదిహేనో శాతం చూపిస్తే ఆడియో, 250కెలో అది 25 నుంచి 40కె మధ్య ఏదో వస్తుంది. ఏది వెయ్యాలి అన్నది మీరు నాబ్‌ని ఎలా వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది, కింద ఇంకో పాఠకుడు అదే అడిగారు, అక్కడ చెప్తాను.

ప్రశ్న: అన్నా, టోన్ కెపాసిటర్ ఎంత వెయ్యాలి? మా బ్యాండ్‌లో అబ్బాయి ఆయిల్‌లో ముంచిన పేపర్ కెపాసిటర్ అయితేనే ఆ పాత హవాయియన్ సౌండ్ వస్తుంది, పచ్చగా బొట్టుబిళ్ళలా ఉండే సిరామిక్ వేస్తే గిటార్ పాడైపోయినట్టే అంటున్నాడు. అది చాలా ఖరీదు. నిజంగా అంత తేడా ఉంటుందా?

జవాబు: తమ్ముడూ, ఆ డబ్బు దాచుకుని మంచి బార్ కొనుక్కో. అంత తేడా ఉండదు. రెండు కెపాసిటర్లని మీటర్‌తో కొలిచి ఒకే విలువ ఉన్నవి తీస్కుని, ఎవరు ఏది మారుస్తున్నారో తెలీకుండా వింటే, అది పేపరా, పాలిస్టరా, సిరామికా అని చెప్పడం చాలా కష్టం. మరి జనం తేడా వినపడిందని ఎందుకంటారు అంటే చాలాసార్లు నిజంగానే వినపడి ఉంటుంది, కాని అది పదార్థం వల్ల వచ్చింది కాదు, పాత పేపర్ కెపాసిటర్లు వయసు మీద పడి రాసిన విలువకి దూరంగా జరిగిపోతాయి, కొన్ని లీక్ కూడా అవుతాయి, చవక సిరామిక్‌లలో కూడా రాసిన విలువకీ అసలు విలువకీ బాగా తేడా ఉంటుంది. అంటే 0.047 అనుకుని పెట్టినవి రెండూ రెండు వేరే విలువలు, అందుకే రెండు వేరే సౌండ్లు. నన్నడిగితే మామూలు పాలిస్టర్ ఫిల్మ్ కెపాసిటర్ వేసెయ్, విలువ స్థిరంగా ఉంటుంది, చిన్నగా ఉంటుంది, చవక.

వోల్టేజ్ గురించి కూడా కంగారు పడకు. 400 వోల్టులు, 600 వోల్టులు అని రాసి ఉన్న లావుపాటివి ట్యూబ్ ఆంప్‌ల లోపల అవసరం. పికప్ నుంచి వచ్చేది గట్టిగా మీటినా ఒక వోల్టు అటూ ఇటూ, 50 వోల్టులదైనా ఎక్కువే. పైగా ల్యాప్ స్టీల్ కంట్రోల్ గుంతలో అంత చోటు ఎక్కడుంటుంది.

విలువ మాత్రం పట్టించుకోవాలి. టోన్ పదిలో ఉన్నప్పుడు కెపాసిటర్‌కి ముందు 250కె అడ్డం ఉంటుంది కాబట్టి ఏది వేసినా దాదాపు ఒకటే వినపడుతుంది, నాబ్ కిందకి తిప్పేకొద్దీ తేడా బయటపడుతుంది. పూర్తిగా సున్నాకి తెస్తే కెపాసిటర్ నేరుగా పికప్‌కి అడ్డంగా వచ్చేస్తుంది, అప్పుడు ఇందాక చెప్పిన రెజొనెన్స్ పీక్ చచ్చిపోదు, కిందకి దిగొచ్చి కూర్చుంటుంది. అదే 3 హెన్రీల పికప్‌తో లెక్కేస్తే 0.01 మైక్రోఫ్యారడ్‌కి సుమారు 920 హెర్ట్జ్, 0.022కి 620, 0.047కి 425 దగ్గర. అందుకే 0.022 పెట్టి సున్నాకి తిప్పితే కొంచెం ముక్కుతో పాడినట్టు, నోరు సగం మూసినట్టు ఉంటుంది, అది ల్యాప్ స్టీల్ మీద భలే పనికొస్తుంది. 0.1 పెట్టి సున్నాకి తిప్పితే బురదే, సోలోలో ఒక్క స్వరం కూడా బయటికి రాదు. పాత సర్క్యూట్ బొమ్మల్లో 0.02, 0.05 అని కనపడితే బెంగపడకు, ఇప్పుడు దొరికే 0.022, 0.047 వాటి బదులే.

సింగిల్ కాయిల్‌కి 0.047, హంబకర్‌కి 0.022 అని అలవాటుగా చెప్తారు. నేను మాత్రం ల్యాప్ స్టీల్‌కి ఏ పికప్ అయినా ముందు 0.022 పెట్టి చూడమంటాను, ఎందుకంటే నాబ్ మొత్తం తిరుగుడులో ప్రతి చోటా వాడుకోదగ్గ సౌండ్ ఉంటుంది. చాలక, ఇంకా చీకటిగా కావాలనిపిస్తే 0.047.

ఇది కూడా మా మాట మీద ఒప్పుకోనక్కర్లేదు. కెపాసిటర్ ఉండాల్సిన రెండు చోట్ల నుంచి రెండు వైర్లు బయటికి లాగి, వాటి చివర మొసలి క్లిప్పులు పెట్టి, రెండు మూడు విలువలు ఒకదాని తర్వాత ఒకటి తగిలించి నీ ఆంప్‌తో నీ పాటలే వాయించి చూడు, నచ్చింది సోల్డర్ చెయ్యి. క్లిప్పుల వల్ల కొంచెం హమ్ (గుయ్యిమనే చప్పుడు) వస్తుంది, అది పట్టించుకోకు. కొనేటప్పుడు దాని మీద అంకెలు ఇలా చదువుకో: 103 అంటే 0.01, 223 అంటే 0.022, 473 అంటే 0.047, 104 అంటే 0.1. మొదటి రెండు అంకెల తర్వాత మూడో అంకె ఎంతైతే అన్ని సున్నాలు పెడితే పికోఫ్యారడ్లు వస్తాయి, అంతే. వీటికి ప్లస్ మైనస్ ఉండదు కాబట్టి ఎటు తిప్పి పెట్టినా పర్లేదు.

ప్రశ్న: సార్, నేను చిటికెనవేలితో వాల్యూమ్ సున్నా నుంచి పైకి తెస్తూ స్వరం మెల్లగా ఉబ్బేట్టు వాయించడం నేర్చుకుంటున్నాను, టోన్ నాబ్‌తో ఆ 'బూ-వా' అనే శబ్దం కూడా. నా గిటార్‌లో నాబ్ చాలా బిగుతు, వేలు నొప్పెడుతుంది, పైగా సగం తిప్పినా సౌండ్ రాదు, తర్వాత ఒక్కసారిగా మీద పడుతుంది. ఇది నా చేతి లోపమా, పాట్ లోపమా?

జవాబు: పాట్‌దేనండీ, లోపం అని కూడా అనలేం, మీ పనికి సరిపోని పాట్. మీరు చెప్పిన తీరు చూస్తే అది ఆడియో టేపర్ పాట్. అందులో సగం తిప్పినప్పుడు పదో వంతు సిగ్నలే బయటికొస్తుంది, అంటే 20 డెసిబెల్స్ కింద, మిగతా అంతా రెండో సగంలో వస్తుంది. నాబ్‌ని తీరిగ్గా తిప్పి లెవెల్ పెట్టుకునేవాళ్ళకి ఇది చెవికి సమంగా అనిపిస్తుంది, అందుకే గిటార్లలో ఎక్కువ అదే వాడతారు. కాని చిటికెనవేలు ఒక్క లాగులో నాబ్‌ని ఎంత తిప్పగలదు? మొత్తం తిరుగుడు 270 నుంచి 300 డిగ్రీలు ఉంటే, వేలు దాంట్లో మూడో వంతు తిప్పితే గొప్ప. లీనియర్ పాట్ అయితే సగానికే సిగ్నల్ సగం వచ్చేస్తుంది, పూర్తి సౌండ్‌కి 6 డెసిబెల్సే తక్కువ, కాబట్టి నిశ్శబ్దం నుంచి స్వరం పైకి రావడం వేలికి అందే దూరంలో అయిపోతుంది. ఉబ్బు కోసమే వాల్యూమ్ నాబ్ వాడేవాళ్ళయితే లీనియర్ పెట్టండి, నేను గట్టిగానే చెప్తున్నాను, ఆడియోనే సరైనదని ఎవరన్నా అంటే వాళ్ళు చిటికెనవేలితో వాయించరని అర్థం. దాని ఇబ్బంది ఏంటంటే పది నుంచి ఆరు దాకా తిప్పినా పెద్దగా తగ్గినట్టు అనిపించదు, లెవెల్ సన్నగా సర్దుకోవడం కష్టం.

టోన్‌కి కూడా అదే వాదన ఇంకా బలంగా పనిచేస్తుంది. 250కె లీనియర్ టోన్ పాట్‌లో పదోవంతు తిప్పగానే 25కె వచ్చేస్తుంది, వినపడే మార్పులో చాలా భాగం ఆ కాస్త తిరుగుడులోనే అయిపోతుంది, మామూలుగా దీన్ని లీనియర్ లోపం అంటారు, బూ-వాకి మాత్రం అదే కావాలి, చిన్న కుదుపుకి నోరు తెరిచినట్టు వస్తుంది. ఆడియో అయితే ఆ 25కె సగం తిరుగుడు దగ్గర వస్తుంది, వేలికి అందదు. బూ-వాకి 0.047 కెపాసిటర్ కూడా బాగా పనికొస్తుంది, 'బూ' ఎంత చీకటిగా ఉంటే 'వా' అంత తెరుచుకుంటుంది.

బిగుతు గురించి. పాట్లలో తిప్పడానికి పట్టే బలం రకరకాలుగా ఉంటుంది, కొన్నిటిని తేలిగ్గా తిరిగేట్టే తయారుచేసి అమ్ముతారు, కొనేముందు షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో తిప్పి చూడండి, ఒకే కంపెనీ పాట్లలో కూడా ఒకటి జిగటగా ఒకటి వదులుగా ఉంటుంది. ల్యాప్ స్టీల్‌కి నేను డబ్బు ఖర్చు పెట్టమనేది ఇక్కడే. నాబ్ కూడా కాస్త పెద్దది, అంచు గరుగ్గా ఉన్నది పెట్టండి, వేలి కొన పట్టు దొరుకుతుంది. ఇంకా చెక్క కోయని వాళ్ళెవరన్నా ఇది చదువుతుంటే, నాబ్‌ల చోటు స్కేల్ పట్టుకుని నిర్ణయించకండి, ముందు కుడిచెయ్యి మీటే చోట పెట్టి చిటికెనవేలు చాపి అది తగిలే చోట గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్‌తో పాటు మెరుపు కూడా పోతోంది, దుప్పటి కప్పినట్టు అవుతోంది. వాల్యూమ్ పెడల్ కొంటే ఈ సమస్య పోతుందా? ఇద్దరు పాఠకులు అడిగారు.

జవాబు: అది పెడల్ రకాన్ని బట్టి ఉంటుంది, చివర్లో చెప్తాను, కాని కొనకముందు కారణం చూడండి. వాల్యూమ్ తగ్గించినప్పుడు పాట్‌లో కొంత భాగం పికప్‌కీ కేబుల్‌కీ మధ్య సీరీస్‌లో పడుతుంది, ఆ రెసిస్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ట్రెబుల్‌ని, అంటే పై ఫ్రీక్వెన్సీల మెరుపుని, తినేస్తాయి. కేబుల్ ఎంత పొడుగైతే అంత. కాబట్టి అన్నిటికన్నా చవకైన మందు పొట్టి కేబుల్, ల్యాప్ స్టీల్ కూర్చుని వాయించేదే కదా, స్టేజి అంతా తిరిగేదేం లేదు, 3 మీటర్లు చాలు.

రెండోది, టోన్ వైరు ఎక్కడ కలిపారో చూడండి. చాలా గిటార్లలో అది వాల్యూమ్ పాట్‌కి పికప్ వచ్చే కాలి దగ్గర కలిసి ఉంటుంది. దాన్ని తీసి మధ్య కాలికి, అంటే జాక్‌కి వెళ్ళే కాలికి కలిపితే వాల్యూమ్ తగ్గించినప్పుడు మెరుపు తక్కువ పోతుంది, దీన్ని యాభైల (1950ల) వైరింగ్ అంటారు. ఖర్చు సున్నా, ఒక్క సోల్డర్. కాకపోతే అలా చేస్తే టోన్ తిప్పినప్పుడు వాల్యూమ్ కూడా కాస్త కదులుతుంది, రెండు నాబ్‌లూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, కొందరికి అది చిరాకు.

మూడోది ట్రెబుల్ బ్లీడ్, వాల్యూమ్ పాట్‌కి పికప్ వచ్చే కాలికీ మధ్య కాలికీ అడ్డంగా 1000 పికోఫ్యారడ్ కెపాసిటర్, దానికి ప్యారలల్‌గా 150కె రెసిస్టర్. ఒట్టి కెపాసిటర్ పెడితే తక్కువ వాల్యూమ్‌లో పల్చగా, గీరుకున్నట్టు అవుతుంది, రెసిస్టర్ అందుకే. ఇది పాట్ టేపర్‌ని కూడా కొంచెం మారుస్తుంది, కాబట్టి పైన చెప్పిన ఉబ్బు పద్ధతిలో వాయించేవాళ్ళు పెట్టేముందు క్లిప్పులతో పరీక్షించుకోండి. నేనైతే యాభైల వైరింగే ముందు చూస్తాను.

పెడల్ సంగతికొస్తే, ఎలక్ట్రానిక్స్ లేని ప్యాసివ్ పెడల్ లోపల ఉండేది కూడా ఇంకో పాటే, తరచుగా 500కె ఉంటుంది, అదీ పికప్ మీద లోడే. అది పెట్టాక గిటార్ నాబ్‌లు అన్నీ పదిలో ఉన్నా కూడా ముందుకన్నా కొంచెం మొద్దుబారినట్టు ఉంటే ఆశ్చర్యపోకండి. బఫర్ (పికప్ మీద లోడ్ పడకుండా సిగ్నల్‌ని ముందుకి పంపే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ అయితే ఈ గొడవ ఉండదు, బ్యాటరీ గొడవ ఉంటుంది. రోజూ పెడల్‌తోనే వాయించేవాళ్ళయితే గిటార్ మీద 500కె వాల్యూమ్ పెట్టుకోండి, పోయిన మెరుపు అక్కడ కొంత తిరిగొస్తుంది.

ప్రశ్న: కొన్న పాట్ మెటల్ ప్లేట్‌కి బిగిస్తే పైకి బోలెడు పొడుగ్గా నిలబడింది. పాత నాబ్ కూడా దాని మీద ఎక్కట్లేదు.

జవాబు: పాట్ బుష్, అంటే నట్ ఎక్కే మరల భాగం, రెండు మూడు పొడవుల్లో వస్తుంది. మెటల్ ప్లేట్‌కి పొట్టిది, మందమైన చెక్కకి పొడుగుది. మార్చడం కుదరకపోతే లోపల వైపు ఇంకో నట్ ముందే ఎక్కించి, దాని మీద ప్లేట్ ఆనేట్టు సర్ది పైన రెండో నట్ బిగించండి, ఎత్తు మీకు కావాల్సినంత తగ్గుతుంది. నాబ్ సంగతి, షాఫ్ట్‌లు కొన్ని 6 మిల్లీమీటర్లు, కొన్ని 6.35, ఆ కాస్త తేడాకే ఎక్కవు, లేదా ఎక్కి ఊగుతాయి. పళ్ళున్న చీలిక షాఫ్ట్‌లలో పళ్ళ లెక్క కూడా తేడా ఉంటుంది, సుత్తితో కొట్టి ఎక్కించకండి, పాట్ లోపల విరుగుతుంది. పక్క స్క్రూతో బిగించే నాబ్, నున్నటి గుండ్రటి షాఫ్ట్ తీస్కుంటే ఈ తలనొప్పి తక్కువ. 16 మిల్లీమీటర్ల చిన్న పాట్లు పనికొస్తాయా అని కూడా చాలామందికి అనుమానం, సౌండ్‌కి సంబంధించి హాయిగా పనికొస్తాయి, గుంత లోతు తక్కువైతే అవే మేలు.

ప్రశ్న: మేడం, పాట్లు కొత్తవి వేశాను. తీగల్ని చేత్తో ముట్టుకుంటే హమ్ ఆగిపోతోంది, వదిలేస్తే వస్తోంది. పాట్ తప్పు విలువ వేశానా? గాజు బార్‌తో వాయిస్తాను.

జవాబు: విలువతో సంబంధం లేదండీ. ముట్టుకుంటే ఆగుతోందంటే తీగలు గ్రౌండ్‌కి కలిసే ఉన్నాయి, ఆ వరకు మీ వైరింగ్ మంచిదే. మన ఒళ్ళే యాంటెన్నాలాగా హమ్ పట్టి గిటార్‌కి అందిస్తుంది, తీగ ముట్టుకుంటే అది గ్రౌండ్‌లోకి పోతుంది. స్టీల్ బార్ పట్టుకునేవాళ్ళకి ఎడమచెయ్యి ఎప్పుడూ తీగలతో కలిసే ఉంటుంది కాబట్టి ఇది తెలియను కూడా తెలియదు, మీది గాజు కాబట్టి కరెంటు దాటదు. కంట్రోల్ గుంత లోపల రాగి టేప్ అతికించి దాన్ని గ్రౌండ్‌కి కలపండి, జాక్ దాకా షీల్డ్ ఉన్న వైర్ వాడండి, రెండు పాట్ల లోహపు వీపులూ గ్రౌండ్‌కి తగిలాయో లేదో మీటర్‌తో చూడండి, చాలా తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో మాట, ఇది మీ ఒక్కరికే కాదు. తీగలు గ్రౌండ్‌కి కలిసి ఉన్నప్పుడు మీ చెయ్యి ఆంప్ ఎర్త్‌తో కలిసినట్టే. ఆంప్‌కి ఎర్త్ పిన్ విరిగినా, పాత ఆంప్ లోపల ఇన్సులేషన్ పోయినా, ఒక చేత్తో బార్ పట్టుకుని రెండో చెయ్యి మైక్‌కి తగిలితే షాక్ కొడుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. తీగ మీద కాస్త జివ్వుమన్నా వెంటనే ప్లగ్ పీకి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, టేప్ చుట్టి వాయించడం లాంటివి వద్దు.

ప్రశ్న: పాత అకూస్టిక్ గిటార్‌కి నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఎత్తు పెంచి ల్యాప్ స్టీల్‌లా వాడుతున్నాను. లోపల పీజో బిళ్ళ అతికించి 250కె వాల్యూమ్ పెట్టాను. బేస్ అంతా మాయమైపోయి డబ్బా కొట్టినట్టుంది.

జవాబు: పైన చెప్పిందంతా మాగ్నెటిక్ పికప్‌లకి, పీజోకి కథ తిరగబడుతుంది. పీజో అనేది చెక్క కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే బిళ్ళ, లోపల్నుంచి చూస్తే ఒక చిన్న కెపాసిటర్, దాని మీద లోడ్ ఎక్కువైతే పోయేది ట్రెబుల్ కాదు, బేస్. 250కె దానికి చాలా బరువు. కనీసం 1 మెగ్ పాట్ వెయ్యండి, ఇంకా మంచిది ఏంటంటే ముందు కొన్ని మెగ్‌ల ఇన్‌పుట్ ఉన్న చిన్న బఫర్ ప్రీయాంప్ పెట్టి, వాల్యూమ్ పాట్ దాని తర్వాత పెట్టడం. అప్పుడు పాట్ 25కె అయినా ఫర్వాలేదు.

ప్రశ్న: టోన్ నాబ్ ఉల్టా పనిచేస్తోంది, సున్నాలో మెరుపు, పదిలో చీకటి. అది కూడా చివర్లో ఒక్కసారిగా.

జవాబు: బయటి కాలు తప్పు కలిపారు. వాల్యూమ్ పాట్‌లో ఏ బయటి కాలు గ్రౌండ్ చేశారో, టోన్ పాట్‌లో కూడా అదే వైపు కాలు వాడాలి, రెండో బయటి కాలు ఖాళీగా వదిలెయ్యాలి. వైరు ఇటు నుంచి అటు మార్చండి, ఆ ఒక్కసారిగా మీద పడటం కూడా దాంతోనే సర్దుకుంటుంది, ఆడియో టేపర్ తిరగేసి వాడితే అలాగే ఉంటుంది.